మూడో ఆల్బమ్‌లో నేను తీసేసిన టిక్కులు

2014 జనవరిలో, న్యూజిలాండ్‌లో, ఆక్లాండ్ సిటీ సెంటర్‌లోని ఒక మాస్టరింగ్ స్టూడియోలో నేను ట్రాన్స్‌ఫర్ ఇంజనీరుగా ఉన్నప్పుడు, మూడు పాత ఆల్బముల పునర్విడుదల పని నా చేతికి వచ్చింది. అప్పటికి నాకు యాభై ఎనిమిదేళ్ళు. ఆ స్టూడియోలో చేరి పద్నాలుగేళ్ళు. అన్నేళ్ళలో నా సంతకంతో బయటికి వెళ్ళిన రికార్డు ఒక్కటీ లేదు.

ఎందుకు లేదో చెప్పాలంటే మా పనిలో ఎవరి స్థానం ఏమిటో చెప్పాలి. పాట పాడి, వాయించి, అన్నీ కలిపాక, అచ్చుకు పంపే ముందు చివరిసారిగా సరిచూడడాన్ని మాస్టరింగ్ అంటారు. పుస్తకానికి ఆఖరి ప్రూఫు దిద్దడం లాంటిదనుకోండి. మా స్టూడియోలో పైన చీఫ్ ఇంజనీర్ గ్రేమ్. కింద నేను. పాత టేపులను కంప్యూటర్‌లోకి ఎక్కించి, గీతలూ గరగరలూ బాగుచేసి ఆయన ముందు పెట్టడం నా వంతు. ఆపైన ధ్వనిని తీర్చిదిద్ది, ఆమోదపత్రం మీద సంతకం పెట్టడం ఆయన వంతు. వంట నాది, వడ్డన ఆయనది. వంటవాడి పేరు ఎవరడుగుతారు?

ఆ ఏడు గ్రేమ్ తుంటి ఆపరేషన్ కోసం నాలుగు నెలలు సెలవు పెట్టాడు. వెళ్ళే ముందు నన్ను పిలిచి, "ఇది నీ సంతకంతోనే పోవాలి, రాజ్" అన్నాడు. నా పేరు రాజలింగం. కివీల నోట్లో అది మొదటిరోజే సగమైంది. ఆ సాయంత్రం ఫ్లాట్ బుష్ అనే శివారులో ఉన్న మా ఇంటికి చేరేదాకా మోటర్‌వే మీద ట్రాఫిక్ కూడా నాకు ముద్దుగానే కనిపించింది.

ఆ ఆల్బములు డెస్ అనే డ్రమ్మరువి. డెబ్బైల తొలి సంవత్సరాల్లో ఎనిమిదిమంది బ్యాండును నడిపిన నాయకుడు ఆయన. ముగ్గురు బాకాల వాళ్ళు, ఇద్దరు అక్కచెల్లెళ్ళు గాయనులు, ఒక గిటారు, ఒక బేసు, అందరి వెనకాల డ్రమ్ముల మధ్య డెస్. గుండె విప్పి పాడే సోల్, గిటార్ మోత మీద నడిచే రాక్, కాలు నిలవనివ్వని ఫంక్, మూడూ కలిపి వాయించేవాళ్ళు. మూడు ఆల్బములు చేశారు, మూడూ అప్పట్లో పెద్దగా అమ్ముడుపోలేదు, బ్యాండు విడిపోయింది. డెస్ గిస్బోర్న్ అనే ఊళ్ళో బస్సు నడుపుతూ రిటైరయ్యాడు. ఇన్నేళ్ళ తర్వాత కుర్రకారు ఆ పాత రికార్డుల కోసం వెతకడం మొదలుపెట్టారు.

టేపులు తెచ్చింది జోయన్. పాత రికార్డులను మళ్ళీ విడుదల చేసే చిన్న కంపెనీ ఆవిడది. కంపెనీ అంటే ఆవిడా, ఆవిడ కారూ. డెస్ గరాజ్‌లో నలభై ఏళ్ళు పడి ఉన్న మాస్టర్ టేపులను అరటిపళ్ళ అట్టపెట్టెలో సర్ది, పక్క సీట్లో పెట్టి, దానికి సీటుబెల్టు కూడా కట్టి తీసుకొచ్చింది. మాస్టర్ టేపంటే ఆల్బముకు మూలప్రతి. అది పోతే మిగిలేవి అరిగిపోయిన ఎల్పీ రికార్డులే. కొత్త రికార్డులు విడుదలయ్యే రోజు డెస్, బ్యాండులో మిగిలిన నలుగురూ అవే పాటలను వేదిక మీద వాయించాలని జోయన్ ఏర్పాటు చేసింది. డెస్‌కి డెబ్బై నాలుగేళ్ళు. రికార్డుల కంటే ఆ కచేరీ మీదే ఆయన ప్రాణం ఉందని ఆవిడ మొదటిరోజే చెప్పింది.

పని ఎలా జరుగుతుందో కొంచెం చెబుతాను. డెబ్బైల నాటి టేపులు కొన్ని కాలక్రమంలో తేమ పీల్చుకుని జిగటగా అవుతాయి. అలాగే యంత్రం మీద పెడితే పూత ఊడి, పాట పొడిగా రాలిపోతుంది. అందుకని ముందు వాటిని యాభై నాలుగు డిగ్రీల వేడి దగ్గర గంటల తరబడి ఆరబెట్టాలి. దానికి పెద్ద యంత్రాలేమీ అక్కర్లేదు. పళ్ళ ముక్కలు ఎండబెట్టుకునే మిషను చాలు. మా స్టూడియో మిషను పాడైతే మా ఇంటిది పట్టుకెళ్ళాను. మా ఆవిడ పద్మ నడుం మీద చెయ్యి పెట్టుకుని నిలబడింది. "వడియాలు ఎండబెట్టే మిషన్ల పాటలు ఎండబెడ్తరా? మళ్ళ దాంట్ల నేను వడియాలు పెట్టాల్నా?" అంది. పెట్టింది కూడా. రుచిలో తేడా ఏమీ లేదు.

ఆరిన టేపును యంత్రం మీద పెట్టాక, టేపును చదివే హెడ్ కోణాన్ని వెంట్రుకవాసి అటూ ఇటూ తిప్పి సరిచేయాలి. కోణం తప్పితే తాళపు చప్పుళ్ళు దుప్పటి కప్పుకున్నట్టు వినిపిస్తాయి. ఆ తర్వాత ఒక్క మార్పూ లేకుండా కంప్యూటర్‌లోకి ఎక్కించి, ఆ ప్రతిని విడిగా భద్రపరచాలి. దాన్ని ఎవరూ ముట్టుకోరు. మరమ్మతంతా నకలు మీదే. చేసిన ప్రతి మరమ్మతునూ లాగ్‌షీట్‌లో రాయాలి: ఏ నిమిషం, ఏ సెకను, ఏం చేశాం, ఎందుకు చేశాం. చిన్నవాళ్ళు చాలామంది దీన్ని చాదస్తమనుకునేవారు. నేను మాత్రం ఒక్క వరుస కూడా వదిలేవాణ్ణి కాదు. నాకు ఆ అలవాటు హైదరాబాద్‌లో ఒక రేడియో కేంద్రంలో పనిచేసినప్పుడు పట్టుకుంది.

మొదటి రెండు ఆల్బములు సాఫీగా సాగాయి. మూడోది వినగానే కుర్చీలోంచి లేచాను. 1973లో మూడు రోజుల్లో, అందరూ ఒకే గదిలో కూర్చుని రికార్డు చేశారని జోయన్ కాగితాల్లో ఉంది. ఎల్పీ మొదటి పక్క అంతా ఒకే పాట, పద్దెనిమిది నిమిషాలు. నడక మారుతుంది, వేగం మారుతుంది, బాకాలు ఆగి గొంతులు అందుకుంటాయి, మళ్ళీ గిటారు ముంచుకొస్తుంది. అన్ని మలుపుల్లోనూ ఎనిమిదిమందీ ఒక్క మనిషిలా తిరుగుతారు. నా ఉద్యోగంలో అంత బిగువైన వాయిద్యం అరుదుగా విన్నాను.

ఆ పాటలోనే నాకు టిక్కులు దొరికాయి. చిన్న, పదునైన లోహపు చప్పుడు. ధ్వనిని బొమ్మగా చూపించే తెర మీద సన్నటి నిలువుగీతలా కనిపిస్తుంది. లెక్కపెడితే ఇరవై ఆరు. ఒక్కోటీ పాట మలుపు తిరగడానికి కాస్త ముందు వస్తోంది.

నేను వెంటనే కారణం పట్టేశాననుకున్నాను. పూర్వం టేపును కత్తిరించి అతికేవాళ్ళం. ఒక టేక్‌లో మంచి ముక్క, ఇంకో టేక్‌లో మంచి ముక్క తీసి, బ్లేడుతో ఏటవాలుగా కోసి, అంటుకునే పట్టీతో కలపడం. ఆ బ్లేడుకు అయస్కాంతపు గుణం పట్టిందంటే, కోసిన చోటల్లా టేపు మీద 'టిక్' మని ముద్రపడుతుంది. రేడియోలో చేరిన కొత్తలో నేను అదే తప్పు చేసి, మా ఇంజనీరుగారి చేత అందరి ముందూ తిట్లు తిన్నాను. అతుకు దగ్గర టిక్కు రావడం నాకు తెలిసినంతగా ఆ నగరంలో ఇంకెవరికీ తెలియదని నా నమ్మకం. పైగా పాట మారే చోటే కదా అతుకులు వేసేది! అన్నీ సరిపోయాయి. ఎనిమిదిమంది పద్దెనిమిది నిమిషాల పాటను ఒకే బిగిన అంత నిర్దుష్టంగా వాయించడం జరిగే పని కాదు, కనుక అది అతుకుల పాటే అని తేల్చేశాను. నేను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు.

ఇరవై ఆరింటినీ చేత్తోనే తీశాను. యంత్రానికి వదిలితే డ్రమ్ము దెబ్బల అంచులు కూడా చెక్కేస్తుంది. ఒక్కో టిక్కుకూ ముందూ వెనకా ఉన్న ధ్వనిని తీసుకుని, ఆ ఖాళీని పూడ్చి, మచ్చ కనిపించకుండా చేయడానికి మూడు రోజులు పట్టింది. లాగ్‌షీట్‌లో ఇరవై ఆరు వరుసల్లోనూ 'అతుకు, బ్లేడు టిక్కు' అని ముత్యాల్లాంటి అక్షరాలతో రాశాను. ఆ శుభ్రత చూసుకుని నాకు నేనే మురిసిపోయానన్న మాట దాచను. ఇల్లలకగానే పండగ కాదని ఆ పూట గుర్తుకు రాలేదు.

మార్చిలో ఒక మంగళవారం డెస్ స్టూడియోకి వచ్చాడు. మా పద్ధతిలో కళాకారుడు చివరి ప్రతిని విని ఆమోదం తెలపాలి. సన్నగా, పొడుగ్గా, ఇస్త్రీ చొక్కాలో ఉన్నాడు. చేతికర్ర లేదు. జోయన్ పక్కన కూర్చుంది. మొదటి రెండు ఆల్బములూ వింటున్నంతసేపూ ఆయన ముఖం వెలిగిపోయింది. మోకాళ్ళ మీద వేళ్ళతో వాయిస్తూ, పోయినవాళ్ళ పేర్లు చెబుతూ, నన్ను చూసి నవ్వుతూ ఉన్నాడు.

మూడో ఆల్బములో మొదటి మలుపు దగ్గర ఆయన కుడిచెయ్యి కుర్చీ చేతి మీదికి లేచి, మధ్యలో ఆగింది. పాట మారిపోయింది, ఆయన వేళ్ళు పాత నడకలోనే ఉండిపోయాయి. రెండో మలుపులోనూ అంతే. నాలుగోదానికి వాయించడం మానేసి చేతులు ఒళ్ళో పెట్టుకున్నాడు. పాట అయ్యేదాకా నేలకేసి చూస్తూ కూర్చున్నాడు.

"చాలా శుభ్రంగా ఉంది, మేట్," అన్నాడు చివరికి. "నాకే జాగా దొరకలేదు."

ఆమోదపత్రం మీద సంతకం పెట్టాడు. కింద నేను పెట్టాను. పద్నాలుగేళ్ళు ఎదురుచూసిన సంతకం అది. పెద్దాయనకు వయసు మీద పడిందని లోపల్లోపల జాలిపడ్డాను కూడా. శుక్రవారం నాడు ఫైళ్ళు విదేశంలో ఉన్న రికార్డుల కర్మాగారానికి పంపేశాం. ఎల్పీలకు మళ్ళీ గిరాకీ పెరిగి కర్మాగారాల్లో నెలల తరబడి వరుస ఉండేది. జోయన్ ఆ వరుసలో చోటు ఏడాది ముందే పట్టి ఉంచింది.

తర్వాతి వారం జోయన్ ఫోన్ చేసి, మంచి డ్రమ్మరెవరైనా తెలుసా అని అడిగింది. కచేరీలో తను వాయించనని డెస్ చెప్పేశాడట. సొంత పాటలో తనే దారితప్పాక, మిగిలినవాళ్ళను నడిపించే హక్కు తనకు లేదన్నాడట. డ్రమ్ములు అమ్మకానికి పెట్టమని మనవరాలికి చెప్పాడట కూడా. నేను ఇద్దరు ముగ్గురి పేర్లు చెప్పి ఫోన్ పెట్టేశాను.

ఆ శనివారం పద్మను కారులో తీసుకెళుతున్నాను. ఉగాది కార్యక్రమానికి ఆమె మనవాళ్ళ ఆడపిల్లలకు కోలాటం నేర్పుతోంది. వెనకసీటు నిండా కర్రలు. మాస్టరింగ్ చేసేవాళ్ళందరికీ ఒక అలవాటుంది. స్టూడియోలో ఎంత బాగా వినిపించినా, ఫైళ్ళు పంపేశాక కూడా, కారులో పెట్టుకుని ఒకసారి వింటాం. జనం వినేది అక్కడే కదా. మూడో ఆల్బము చివరి ప్రతిని పెట్టాను. అది అయ్యాక, నా పనితనం నేనే చూసుకుందామని, ముట్టుకోని ప్రతిని కూడా పెట్టాను.

"ఏమండీ, గదే పాట మళ్ళెందుకు పెట్టిండ్రు?" అంది పద్మ.

మొదటిది బాగుచేసిందని, ఇది చేయనిదని చెప్పాను.

"నాకైతే ఇదే మంచిగున్నది. దీంట్ల పిలుపున్నది."

"పిలుపేంది?"

"టక్కుమంటలేదా... ఆ, గదిగో! అది కొట్టంగనే పాట మారుతున్నది. కోపు మారే ముందు నేను పిల్లలకు కర్రతోని కొట్టి చెప్తనా లేదా? కొట్టకపోతే పదహారుమంది పదహారు దిక్కులు పోతరు. గట్లనే ఎవరో పెద్దమనిషి ముందుగాల చెప్తున్నడు."

కోపు అంటే కోలాటంలో అడుగుల వరస. నేను నవ్వి, అది బ్లేడు చప్పుడని, అతుకుల దగ్గర వస్తుందని, ముప్పై ఏళ్ళ అనుభవాన్నంతా ఆమె ముందు పరిచాను. ఆమె శ్రద్ధగా విని, ఇంకో టిక్కు వచ్చేదాకా వేళ్ళ మీద లెక్కపెట్టింది. దాని తర్వాతదానికీ లెక్కపెట్టింది.

"సరిగ్గ నాలుగో దెబ్బ మీదనే పడుతున్నది. బ్లేడుకు తాళం తెలుస్తదా?" అంది.

ఆమెను హాలు దగ్గర దింపి, ఇంటికి వెళ్ళకుండా తిన్నగా స్టూడియోకి వెళ్ళాను. దారిలో డెస్ చెయ్యి గాలిలో ఆగిపోవడమే కళ్ళ ముందు ఉంది.

తేల్చుకునే మార్గం సులువైనది, నేను ఆ పని మొదటే చేసి ఉండాల్సింది. అతుకు వేస్తే టేపు వెనక తెల్లటి పట్టీ కంటికి కనిపిస్తుంది. ఆరబెట్టిన టేపును ఊరికే తిప్పకూడదని చూడకుండా వదిలేశాను. ఇప్పుడు మూడో ఆల్బము చక్రాన్ని బల్ల మీద పెట్టి, యంత్రం వాడకుండా, చేత్తో నెమ్మదిగా తిప్పుతూ దీపం కింద చూశాను. మొదటి పక్క మొదట్లో ఒక పట్టీ, చివర్లో ఒక పట్టీ. మధ్యలో పద్దెనిమిది నిమిషాల టేపు మీద ఒక్క అతుకూ లేదు. బ్లేడు దాన్ని తాకనే లేదు.

గిస్బోర్న్‌కి ఫోన్ చేశాను. డెస్ ఎత్తాడు. పాట మారే ముందు మీరు దేన్నైనా కొట్టేవారా అని అడిగాను.

"హై-హ్యాట్ స్టాండును," అన్నాడు వెంటనే. హై-హ్యాట్ అంటే కాలితో మూసి తెరిచే జంట తాళాలు. వాటిని నిలబెట్టే ఇనుప కడ్డీని కర్ర వెనక భాగంతో ఒకసారి కొట్టేవాడట. "నేను అందరి వెనకా ఉంటాను. బాకాలూ అమ్మాయిలూ ముందుకు తిరిగి ఉంటారు. నన్ను చూసేవాడెవడు? వాళ్ళను పిలవడానికి నాకు ఇంకో దారి లేదు. ఎందుకడుగుతున్నావు?"

వాటిని నేను తీసేశానని చెప్పాను. అతుకుల చప్పుడనుకున్నానని, ఒకే బిగిన వాయించింది కాదనుకున్నానని, అన్నీ చెప్పాను.

"మేం దేన్నీ అతకలేదు," అన్నాడు డెస్. "ఎనిమిదిమంది, ఒక గది, ఒకే టేక్. ఆ మూడు రోజుల కోసం ఏడాది సాధన చేశాం."

తప్పు నాదేనని, క్షమించమని అన్నాను.

"అంటే ఆ రోజు తప్పింది నేను కాదన్నమాట," అన్నాడు. నవ్వుతున్నాడో ఇంకేం చేస్తున్నాడో నాకు తెలియలేదు. "ఆ చప్పుడు నేను ఎప్పుడూ విన్నవాణ్ణి కాదు రాజ్, కొట్టినవాణ్ణి. చెయ్యి లేచింది, చప్పుడు రాలేదు. చోటు తప్పానేమో అనుకున్నాను."

ఇక మిగిలింది ఏం చేయాలన్నది. పాత ఎల్పీలు విన్నవాళ్ళు ఆ టిక్కులను రికార్డు మీది దుమ్ము చప్పుడనుకుని ఉంటారు. కొత్తవాళ్ళకు అవి ఉండాలన్న సంగతే తెలియదు. కళాకారుడు సంతకం పెట్టేశాడు. గ్రేమ్‌కి ఫోన్ చేస్తే, ఆమోదం పొందిన పనిని తప్పు కింద లెక్కించడం మా పద్ధతిలో లేదని, వెనక్కి తీసుకుంటే జోయన్ వరుసలో చోటు పోతుందని చెప్పి, "కానీ సంతకం నీది" అని ఊరుకున్నాడు. ఆ మాటతోనే నాకు తేలిపోయింది. పద్నాలుగేళ్ళు ఆగి పెట్టిన మొదటి సంతకం కింద, తప్పని తెలిసిన పనిని వదిలేస్తే, ఆ సంతకం ఉండి ఏం, లేకపోయి ఏం?

ఆ గంటలోనే కర్మాగారానికి మెయిల్ పంపి మూడో ఆల్బమును ఆపించాను. తర్వాత జోయన్‌కి చెప్పాను. ఆవిడ నన్ను అనాల్సినవన్నీ అంది, అనేందుకు ఆవిడకు హక్కుంది. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అని మనవాళ్ళు ఊరికే అనలేదు. తొక్కాను కాబట్టి కడగడం మొదలుపెట్టాను. ఆదివారం, సోమవారం రెండు రోజులూ కూర్చుని, లాగ్‌షీట్ ముందు పెట్టుకుని, ముట్టుకోని ప్రతిలోంచి ఇరవై ఆరు దెబ్బలనూ వాటి వాటి చోట్లకు చేర్చాను. అక్కడక్కడా నిజంగానే టేపు పాడైన చోట్లు ఉన్నాయి. వాటిని మాత్రమే శుభ్రంగా ఉంచాను. ఏది గాయమో ఏది దెబ్బో ఇప్పుడు నాకు చెవితోనే తెలుస్తోంది. ఇనుప కడ్డీ దెబ్బకు వెనకాల సన్నటి మోగుడు తోకలా ఉంటుంది. బ్లేడు టిక్కుకు ఆ తోక ఉండదు. ఈ తేడా మొదటిసారే నా చెవిన పడింది. పడినా, నాకు తెలిసిన కారణానికి అది సరిపోలేదని పక్కన పెట్టేశాను.

బుధవారం డెస్ మళ్ళీ వచ్చాడు. ఈసారి కూర్చోలేదు. నా కుర్చీ వెనక నిలబడి, నా బల్ల అంచు మీద రెండు పెన్సిళ్ళతో వాయించాడు. మొదటి మలుపు ముందు చెయ్యి లేచింది, స్పీకర్లలో టక్కుమంది, బల్ల మీదా టక్కుమంది, ఇద్దరు డెస్‌లూ కలిసి తిరిగారు. ఇరవై ఆరు మలుపుల్లో ఒక్కటీ తప్పలేదు. డెబ్బై నాలుగేళ్ళ మనిషి చెమట్లు కక్కుతూ నవ్వుతుంటే, ఆ బ్యాండు ఒకే టేక్‌లో ఎలా వాయించిందో నాకు అనుమానమేమీ మిగల్లేదు. బల్ల మీద పెన్సిలు మచ్చలు పడ్డాయి. రిటైరయ్యేదాకా వాటిని తుడవనివ్వలేదు.

డెస్ నా ఫోన్ నుంచే జోయన్‌కి ఫోన్ చేసి, డ్రమ్మరును వెతకడం ఆపమన్నాడు. తర్వాత మనవరాలికి చేసి, డ్రమ్ములు ఎవరికీ ఇవ్వొద్దన్నాడు.

వరుసలో చోటు పోయింది. మూడో ఆల్బము మిగతా రెండింటికంటే అయిదు నెలలు ఆలస్యంగా వచ్చింది. కచేరీ కూడా దానికోసమే వాయిదా పడింది. నేనూ పద్మా వెళ్ళాం. ఆమె ప్రతి మలుపు ముందూ నన్ను మోచేత్తో పొడుస్తూనే ఉంది. రికార్డు అట్ట వెనక మాస్టరింగ్ అన్న మాట పక్కన నా పేరు పూర్తిగా, రాజలింగం అని వేయించింది జోయన్. కోపం తగ్గాక ఆవిడే అడిగి రాసుకుంది.

ఆ తర్వాత అయిదేళ్ళలో చాలా రికార్డుల మీద నా సంతకం పడింది. వాటిలో దేన్ని చూపించమన్నా నేను చూపించేది ఆ మూడో ఆల్బమునే. అందులో నా పనితనం ఉంది, నేను దిద్దుకున్న తప్పూ ఉంది, రెండూ నాకు గర్వకారణమే.

ఈ వృత్తిలోకి వచ్చేవాళ్ళకు చెప్పదగిన విషయం చిన్నది. అనుభవం మనకు కారణాలను త్వరగా అందిస్తుంది. అందిన కారణం నిజమో కాదో తేల్చే పని మాత్రం చేసిపెట్టదు. ఒక చప్పుడు ఎంత పొడవో, ఎంత పదునో యంత్రం చెబుతుంది. దాన్ని ఎవరు చేశారో, ఎందుకు చేశారో మనుషులనే అడగాలి, అదీ తీసేయక ముందు అడగాలి. నేను గిస్బోర్న్‌కి చేసిన ఫోన్ అయిదు నిమిషాలు. ఆ అయిదు నిమిషాలు ముందే వెచ్చించి ఉంటే, ఒక డ్రమ్మరు పదకొండు రోజులపాటు తన పని అయిపోయిందని నమ్మి బతకాల్సి వచ్చేది కాదు.